జిలోమా అంటే దాహం

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తుంటే, టెక్కలిలో ఇంజనీరింగు చదువుతూ సెలవులకి నా దగ్గరకొచ్చిన మా చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏదో పాత ఆట ఆడుకుంటోంది. తెరమీద బొమ్మమనిషి ఒకడు ఖాళీ గ్లాసు పట్టుకుని "జిలోమా, జిలోమా" అన్నాడు. "పెద్దమ్మా, ఈడేటంతన్నాడో నీకేటైనా తెలిసిందా?" అని పిల్ల నవ్వింది. నాకేం తెలుసమ్మా అన్నాను. అబద్ధం. ఆ మాట తెలిసినవాళ్లం మా ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

కంప్యూటర్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో నేను పలాసలో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగు నేర్పేదాన్ని. నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, చెప్పులు గుమ్మం బయట విడిచి గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం, సాయంత్రం కంప్యూటర్లకి గుడ్డ ముసుగులు కప్పి మరీ తాళం వేసేవాళ్లం. సోంపేట దగ్గర మా ఊరినుంచి డిగ్రీకని రోజూ వచ్చే మా చెల్లి కాలేజీ అయ్యాక బస్సు వేళదాకా నా పక్కనే కూర్చునేది. మూలనున్న కంప్యూటర్లో ఎవరో ఈ ఆట ఎక్కించి ఉంచారు. ఒక ఇల్లు, అందులో తింటూ, పడుకుంటూ, కీచులాడుకుంటూ నలుగురు మనుషులు, వాళ్ల నోట ఏ దేశానిదీ కాని భాష. ఏ దేశంలో అమ్మినా ఇబ్బంది లేకుండా ఉత్త శబ్దాలే పెట్టారని తర్వాతెప్పుడో విన్నాను గానీ, మా చెల్లి ఒప్పుకుంటేనా! "మనుసులన్నాక ఊరికినే వాగుతారేటక్కా, ఏదో ఒకటి సెప్పుకుంతనే ఉంతారు" అని దాని వాదన. పొడుగాటి నోటుబుక్కు ఒకటి సంపాదించి, వాళ్లు ఏమన్నారో ఒక పక్కా, అప్పుడేం చేస్తున్నారో ఇంకో పక్కా తెలుగక్షరాల్లో రాసుకునేది. గ్లాసు ఖాళీగా ఉంటే జిలోమా. తల అడ్డంగా ఊపితే మెర్బా, అంటే వద్దు. పరీక్షలకి అంత శ్రద్ధ పెట్టి ఉంటే యూనివర్సిటీ ఫస్టు వచ్చేదని నేను ఏడిపించేదాన్ని, ఏడిపిస్తూనే నేర్చుకునేదాన్ని.

ఏడాది తిరిగేసరికి మేమిద్దరం అమ్మ ఎదుటే ఆ భాషలో కబుర్లాడుకునే స్థాయికి వచ్చాం. ఏ కూరలో ఉప్పెక్కువైందో, ఏ చుట్టం ఇంకా కదలడం లేదో అన్నీ అందులోనే. ఒక పెళ్లిలో ఇచ్ఛాపురం వైపు చుట్టం ఒకాయన మా మాటలు చాలాసేపు చెవులు రిక్కించి విని, "నాకు ఒరియా వొచ్చును గానీ, ఇదేటి ఒరియా తల్లీ?" అని బెంగపడితే, నవ్వాపుకోలేక మేమిద్దరం విస్తళ్ల ముందునుంచి లేచిపోయాం.

తర్వాత చెల్లిని ఉద్దానంలో మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. కొబ్బరి, జీడితోటల మధ్య ఇల్లు, ఒక ఆడపిల్ల. సంసారాల్లో పడి ఆ భాష మా ఇద్దరి మధ్యా మెల్లగా అటకెక్కింది. పిల్లకి పదేళ్లు వచ్చేసరికి చెల్లి కాళ్లు వాచాయి. మా ప్రాంతంలో కాళ్లు వాచాయంటే కిడ్నీలు పోయినట్టేనని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని, మా ఇంట్లో కాసేపు నడుం వాల్చి వెళ్లేది. రోజుకిన్ని నీళ్లే, అంతకు మించి గుక్కెడు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. తోడొచ్చే మేనత్త కోడలి మీద ప్రేమకొద్దీ, ఎక్కడ తాగేస్తుందోనని నీళ్ల చెంబు తన ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది.

ఆరోజు వైశాఖమాసపు ఎండ. మంచం మీద పడుకున్న చెల్లి, మేనత్త పక్కనే ఉండగా, నా కళ్లలోకి చూసి మెల్లిగా "జిలోమా" అంది.

ఎన్నేళ్లకో విన్నాను. వినగానే అర్థమైంది. తెలిసినట్టు కనిపిస్తే నీళ్లివ్వాలి, లేదా దాని మొహం చూస్తూ లేదనాలి. ఆ రెండూ చేతకాక నేను పిరికిదాన్నయ్యాను. "ఏటే?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"మర్సిపోనావా అక్కా?"

"ఎప్పటి మాటలే అవి, ఎవలికి గేపకం ఉంతాయి" అన్నాను. అది "అవున్లే" అని గోడవైపు తిరిగింది.

ఆ తర్వాత నాలుగు నెలలు బతికింది. వచ్చినప్పుడల్లా జీడిపూత గురించి, కూతురి జడ గురించి చక్కగా తెలుగులోనే మాట్లాడింది. ఆ భాషలో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, మళ్లీ నాతో అనలేదు. పోయాక నోటుబుక్కు కోసం వాళ్లింట్లో పెట్టెలన్నీ వెతికాను. దొరకలేదు. ఎవరినడిగినా అలాంటిదొకటి ఉన్నట్టే తెలియదన్నారు.

ఇప్పుడు ఉద్దానం ఊళ్లకి గొట్టాల్లో మంచినీళ్లొస్తున్నాయి. ఈ పిల్ల ఫోను ఎదురుగా పెడితే చాలు, ఏ దేశంవాడి మాటైనా తెలుగైపోతుంది. తన తల్లి నోటుబుక్కు నిండా రాసుకున్న భాష మాత్రం ఆ ఫోనుకి రాదు, నేనే చెప్పాలి. చెప్పాలంటే ఆ మధ్యాహ్నం సంగతి కూడా చెప్పాలి, అందుకే పనసతొనల పళ్లెం దాని ముందు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను.

నీళ్లివ్వలేదని నాకు బాధ లేదు, ఇవ్వకూడదు కాబట్టి ఇవ్వలేదు. కానీ కాదనడానికి ఆ భాషలోనే మాటుంది కదా, చెల్లే నాకు నేర్పింది కదా. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని "మెర్బా" అని ఉంటే, దాహం తీరకపోయినా, అక్కకి నేను గుర్తున్నాననుకునైనా వెళ్లేది.