చాచా దాచిన అమెరికా సీసా

మొన్న మా చెల్లెలి మనవడి నిశ్చితార్థంలో కుర్రాళ్లు మేడమీద ఏదో ఖరీదైన అమెరికా విస్కీ మూత తీసి, ఐసూ కోలా కలిపి గటగటా తాగేస్తుంటే, ఆ గ్లాసుల్లోంచి వచ్చిన మాడిన బెల్లం వాసనకు, తొంభై దాటిన రిటైర్డు టీచరమ్మనైన నేను, కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాను. ఆ వాసన నాకెలా తెలుసని మీకు అనిపించవచ్చు. ప్రార్థన చేయకుండా పొయ్యి వెలిగించని మాలాంటి ఇళ్లలో, మా తరం ఆడపిల్లలకు తెలియవలసిన వాసన కాదది.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన ఏడాది, నలభై ఎనిమిదిలో, మేము సికింద్రాబాదు బోయిగూడలో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా నాన్న క్రైస్తవ మిషన్ బడిలో మాస్టరు. నేను అప్పుడప్పుడే అక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మాతో ఉండే బాబాయి తిరుమలగిరిలో మిలిటరీ ఆఫీసర్ల మెస్సులో పనిచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ జబ్బుపడ్డ ఒక అమెరికన్ ఆఫీసరు, బాబాయి చేసిన సేవకు కరిగిపోయి, వెళ్తూ వెళ్తూ బర్బన్ అనే అమెరికా విస్కీ పాత సీసా ఒకటి చేతిలో పెట్టాడట. మొక్కజొన్నతో చేసి, లోపల కాల్చిన ఓక్ పీపాలో ఏళ్ల తరబడి ఉంచగా, గాలికి ఆవిరైపోయింది పోగా మిగిలిన సరుకు అది. బాబాయి తాగుబోతు కాదు. గొప్ప రోజు వస్తే తీద్దామనుకున్నాడు. నాన్నేమో అది గడప దాటడానికి వీల్లేదన్నారు. గత్యంతరం లేక బాబాయి దాన్ని పక్కింటి చాచాకు అప్పగించాడు. చాచా రైల్వేలో గార్డు, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆయనకూ అది హరామే, మతం ఒప్పని సరుకే. అయినా మారుమాట లేకుండా తన ట్రంకుపెట్టె అడుగున పెట్టుకున్నారు.

భారత సైన్యం వచ్చాక రజాకార్ల భయం తీరి మేం ఊపిరి పీల్చుకున్నామో లేదో, భయం గోడ దాటి చాచా వాళ్లింట్లోకి వెళ్లింది. మోండా మార్కెట్‌కు వెళ్లినవాళ్లు ముస్లింల ఇళ్ల మీద దాడులంటూ రోజుకో పుకారు మోసుకొచ్చేవారు. ఒక సాయంత్రం నాన్నే వెళ్లి, సద్దుమణిగేదాకా మా ఇంట్లో ఉండమని వాళ్లను పిలిచారు. చాచా భార్య, మేం ఖాలా అని పిలిచే ఆవిడ, ఒక చేత్తో ఖురానూ, మరో చేత్తో కూతురి చెయ్యీ పట్టుకుని వచ్చింది. వెనకాలే చాచా, పాత షేర్వానీలో చుట్టిన మూటొకటి గుండెలకు అదుముకుని వచ్చారు. విప్పితే బాబాయి సీసా!

"మీ ఇంట్ల వద్దంటే బయట అరుగు మీద పెడ్త మాస్టర్ సాబ్. గానీ ఇది అమానత్, నన్ను నమ్మి ఇచ్చిండు. ఇల్లు ఇడిసిన గానీ, దీన్నెట్ల ఇడుస్త?" అన్నారు.

నాన్న ఆ సీసాను అందుకుని, తన చేత్తోనే లోపల బల్ల మీద పెట్టారు. ఆనక బాబాయి వైపు తిరిగి, "గొప్ప రోజు, గొప్ప రోజు అంటావుగా, ఇంకెప్పుడొస్తుందిరా? తియ్యి," అన్నారు. నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి దాన్ని తీసిన తీరు పూజారి గర్భగుడి తలుపు తీసినట్టే ఉంది. ముదురు తేనె రంగు. తొందరపడకుండా, నోరు కాస్త తెరిచి వాసన పీల్చమన్నాడు. మొదట మాడిన బెల్లం, తర్వాత ఎండు ఖర్జూరం, ఆ వెనక కొత్త కర్ర బీరువా. నాలుగు చుక్కల నీళ్లు పడగానే ఎక్కడి నుంచో లవంగం, నారింజ తొక్క. నాకు చెంచాడు పోస్తే నాన్న చూసి కూడా వద్దనలేదు. నాలుక మీద మంట వస్తుందని భయపడ్డాను, వెచ్చదనమే వచ్చింది. మింగాక కూడా పోలేదు, ఛాతీలో నెమ్మదిగా నడుస్తూనే ఉంది. ఎప్పుడో ఏ దేశంలోనో కాసిన ఎండలు, కురిసిన మంచూ ఒక చెంచాలో ఇమిడి నా దాకా వచ్చాయే అని ఒళ్లు జలదరించింది. నాన్న రుచి చూడలేదు గానీ, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

వాకిట్లో కూర్చున్న చాచా, "ఎట్లున్నది బేటీ?" అని అడిగితే, ఖర్జూరంలా ఉందన్నాను. "గట్లయితే నేను ఖర్జూరమే తింట తియ్," అని పగలబడి నవ్వారు. సైన్యం వచ్చిన తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

మా వీధికి ఏమీ కాలేదు. వాళ్లు క్షేమంగా తమ ఇంటికి వెళ్లారు, చాచా మళ్లీ డ్యూటీకి రైలెక్కారు. వాళ్లంతా ఇప్పుడు లేరు. ఈ రోజుల్లో ఏ దేశపు సీసా అయినా సికింద్రాబాదులోనే దొరుకుతుంది, దాచుకోవడానికి తాళాల బీరువాలూ ఉన్నాయి. తనకు నిషిద్ధమైనదాన్ని, తన ప్రాణానికే భయమున్న వేళ, ఇంకొకరి కోసం మోసుకొచ్చే మనిషి కావాలంటే మాత్రం ఎవరి తలుపు తట్టాలో నాకు తెలియడం లేదు.