పసుపు మీద వేసిన నింద

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జనవరిలో, నిజామాబాద్‌లోని ఒక ప్రభుత్వ దవాఖానకు చర్మవ్యాధుల విభాగాధిపతిగా బదిలీ మీద వచ్చాను. పసుపు తవ్వే కాలం. ఓపీలో నా ముందుకు వచ్చే చేతుల్లో సగం పచ్చగానే ఉండేవి.

నవీపేట్ దగ్గరి పల్లె నుంచి గంగమణి అనే పాతికేళ్ల కోడలు అత్త నర్సవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. గంగమణికి పసితనం నుంచీ అటోపిక్ డెర్మటైటిస్ అనే ఎగ్జిమా. అంటే చర్మానికి పుట్టుకతోనే కాపలా తక్కువ. పొడిబారుతుంది, పగులుతుంది, విపరీతంగా దురద పెడుతుంది. ఆ పగుళ్లలోంచి లోపలికి పోయిన వాటిలో కొన్నింటిని శరీరం శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. ఊళ్లో మందుల దుకాణంలో కొన్న యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్ ఏళ్లుగా మెడకు రాసుకుంటోంది. రసి కారుతోంది కదా అని నేనూ అదే రాసిచ్చాను. మెడ చుట్టూ కందిన గీతనూ, దాని మీదున్న పసుపుతాడునూ చూసి, పసుపు పడదు, ముట్టుకోవద్దని తేల్చేశాను. పరీక్ష చేయలేదు. అంత సర్వీసున్న నాకు పరీక్ష ఎందుకన్న పొగరు, ఇంకేముంది!

నర్సవ్వ నోరు వెళ్లబెట్టింది. "పసుపు పడకుంటె ఎట్ల డాక్టరమ్మా? మా ఇల్లే దాని మీద నడుస్తది."

నెలన్నర తర్వాత గంగమణి ఒక్కతే వచ్చింది, బోధన్ వైపు చెరకు పల్లెలోని పుట్టింటి నుంచి. పసుపు ఉడకబెట్టే ఇంట్లో ఉంటే రోగం ముదురుతుందని అత్తవారు పంపేశారట. పుస్తెలు నల్లపూసల దండకు మార్చుకుంది. పసుపు గాలి కూడా సోకని చోట ఉన్నా మెడ మునుపటికంటే అధ్వానంగా ఉంది.

"మీరు జెప్పినట్టే జేసిన డాక్టరమ్మా. మందు రోజుకు మూడుసార్లు రాస్తున్న. గిది తగ్గకపోతే మా అత్తగారోళ్లు నన్ను మల్ల తోల్కపోరు," అని ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది, నా మీదే. పసుపు మానేశాక ఎక్కువైందంటే నా లెక్క తప్పినట్టే.

ప్యాచ్ టెస్ట్ పెట్టాను. అనుమానమున్న పదార్థాలను రేకు బిళ్లల్లో వేసి, వీపుకు అంటించి, రెండు రోజులు తడవకుండా ఉంచే పరీక్ష ఇది. రోగి వాడే వస్తువులనూ పెట్టడం పద్ధతి. అత్తవారి చేలో పండిన పసుపు, ఆమె సబ్బు, నేను రాసిన ఆయింట్‌మెంట్ పెట్టాం. ఆ ఆయింట్‌మెంట్‌లోని నియోమైసిన్ అనే మందును విడిగా కూడా పెట్టాం.

మూడోనాడు విప్పితే పసుపు ఉన్నచోట పచ్చటి మరక. హౌస్ సర్జన్ పాజిటివ్ అంది. మరకను కంటితో చూడొద్దు, వేలితో తడమమన్నాను. ఎలర్జీ అయితే చర్మం ఉబ్బుతుంది. అక్కడ నున్నగా ఉంది. నియోమైసిన్ ఆలస్యంగా బయటపడే రకం కనుక మరో రెండు రోజులకు అత్తను తీసుకుని రమ్మన్నాను.

ఆ రోజుకు పసుపు మరక వెలిసిపోయింది. ఆయింట్‌మెంట్, నియోమైసిన్ పెట్టిన రెండు చోట్లా పొక్కులు లేచాయి. ఏళ్ల తరబడి పూతమందులు వాడే ఇలాంటి రోగులకు ఆ మందులే పడకపోవచ్చునని విద్యార్థులకు పాఠం చెప్పినదాన్నే నేను.

ఓపీలో అందరి ముందే నర్సవ్వకు చెప్పాను. పసుపు పడుతుంది, పడనిది నేను రాసిన మందు, పొరపాటు నాదేనని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అయ్యో, గట్లయితే నా కోడల్ని ఉత్తపుణ్యానికే ఎల్లగొట్టుకున్ననా!" అని గంగమణి చెయ్యి పట్టుకుంది. "లే బిడ్డ, ఇంటికి పోదాం. ఇంక సగం పసుపు ఉడుకవెట్టేదుంది."

మందు మార్చాక మూడు వారాల్లో మెడ మానింది. అసలు జబ్బు పోలేదు, అదుపులోకి వచ్చింది. మిగిలిన సర్వీసంతా, పాత ఎగ్జిమా రోగి ఎవరొచ్చినా, ఏం తిన్నావు, ఏం ముట్టుకున్నావు అని అడిగే ముందు అప్పటిదాకా రాసిన మందుచీటీలన్నీ బల్ల మీద పెట్టమనేదాన్ని. వాటిలో నా చీటీ ఉంటే ముందు దాన్నే చదివేదాన్ని.