అత్త ముట్టని చుట్ట

తొమ్మిదేళ్ళు ఒక మాటను నోట్లో దాచుకుని తిరిగాను. ఎవరితోనైనా వాదించి నెగ్గగలదాన్ని. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే దాచకుండా చెబుతాను.

మా అత్త పుట్టిల్లు శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. అక్కడి ఆడవాళ్ళలాగే అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. నేను కోడలిగా నెల్లిమర్ల వచ్చిన నాటినుంచి ఆ చుట్ట మీద మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. తొమ్మిదేళ్ళ కిందట ఆమె జ్ఞానదంతం పుచ్చి తీయించాల్సి వచ్చినప్పుడు, గాయం మానేదాకా చుట్ట వద్దన్నాడు విజయనగరంలో డాక్టరు. అత్త ఇంకో అడుగు ముందుకేసింది. "ఇక జన్మలో ముట్టను, సూడు" అని చుట్టల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

పన్ను తీసిన రోజు ఆమె నోటినిండా దూది. కాబట్టి జాగ్రత్తలన్నీ డాక్టరు నాకే చెప్పాడు. పన్ను పోయిన గుంటలో ఎముకకు మూతలా రక్తం గడ్డకడుతుంది, దాన్ని కదపకూడదు. మర్నాటినుంచి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని మెల్లగా ఒలికించాలి, ఉమ్మకూడదు. మా ఇంట్లో వాటర్ ఫ్లాసర్ ఉందన్నాను, పళ్ళ సందుల్లోకి సన్నటి నీటిధార కొట్టే మిషను. రెండు వారాలు దాన్ని దగ్గరికి రానీయొద్దు, ఆ తర్వాతైనా తను చూసి సరేనన్నాకే అన్నాడు. విన్నాను. డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, రక్తపు గడ్డ ఎందుకో నాకొకరు చెప్పాలా?

మరి ఎందుకు చేశాను? మూడోరోజు గుంటలో మెతుకు ఇరుక్కుందని అత్త పొద్దున్నుంచీ సణిగింది. ఆ మిషను నేను ముచ్చటపడి కొనుక్కున్నది. నీళ్ళతో పళ్ళు తోముతుందట అని ఆమె నలుగురిలో ఎగతాళి చేసింది. దాని సత్తా చూపిద్దామనుకున్నాను. ఇంతకంటే మంచి కారణం కోసం ఎన్నోసార్లు వెతికాను, దొరకలేదు. డాక్టరే పెట్టమన్నాడని ఆమెకు చెప్పి, వేగం చివరికంటా పెంచి, సూటిగా గుంటలోకి కొట్టాను. మెతుకు వచ్చింది. దాని వెనకే నల్లగా ఇంకేదో వచ్చి సింకులో పడింది. కుళాయి తిప్పేశాను.

మర్నాటికి నొప్పి చెవిదాకా పాకింది. మా ఆయనా నేనూ తీసుకెళ్ళాం. గడ్డ పోయింది, ఎముక బయటపడింది అన్నాడు డాక్టరు. "చుట్ట తాగారా?"

"నాను ముట్టనేదు బాబూ. మా కోడల్నడుగు. నన్ను ఒగ్గేసి ఎక్కడికీ ఎల్లనేదది."

ముగ్గురూ నా వైపు చూశారు. అత్త చూపులో బెదురు లేదు. రోజూ నాతో పోట్లాడే మనిషి, నేను నిజమే చెబుతానని నమ్మింది.

"ఏమో డాక్టరుగారూ, ఇరవై నాలుగు గంటలూ నేనేటి కాపలా కాస్తానా?" అన్నాను.

"ఏటమ్మా, వారం రోజులు ఆగనేకపోనావా?" అన్నాడు మా ఆయన.

'ఏమో' అన్నాను, అబద్ధం ఆడలేదు కదా అని కొన్నేళ్ళు నాతో నేనే వాదించుకున్నాను. నా వాదనలన్నిట్లోకీ పనికిమాలినది అదే.

గుంట మానింది. కానీ ఇంట్లో ఆమె మాటకు విలువ పోయింది. బీపీ మాత్ర వేసుకున్నానంటే మా ఆయన ప్రతిసారీ మాత్రల అట్ట తీసి లెక్క చూసేవాడు. నెల తిరిగేసరికి అత్త వచ్చి డబ్బా అడిగింది. "తాగకపోయినా తాగినాదన్నారు. మరి మానీడమెందుకే?" అంది. ఇచ్చేశాను. తనంతట తానే మానిన మనిషికి మళ్ళీ చుట్ట అంటించింది నేనే.

ఈ నెల నా జ్ఞానదంతం తీశారు. రెండు వారాలు ఆగాను. మొన్న డాక్టరు సరేనన్నాక, గోరువెచ్చని నీళ్ళు పోసి, అన్నిటికంటే తక్కువ వేగంలో, ధార గుంటకు సూటిగా తగలకుండా పక్కనుంచి పెట్టుకున్నాను. అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"అదేటే, అలా కారతన్నాది? నాకెట్టినపుడు బాకులా దిగినాది గదే!"

నోట్లో నీళ్ళు మెల్లగా ఒలికించాను. ఆ తర్వాత మొత్తం చెప్పేశాను.

"నాకెందుకే సెప్తావు? నాను తాగనేదని నాకు తెల్దేటి? నీ మొగుడికి సెప్పు."

ఆ సాయంత్రమే, ఆమె ఎదుటే, చెప్పాను.

అప్పటినుంచి అత్త నాతో మాట్లాడటం లేదు. నేనూ బతిమాలలేదు. ఇవాళ పొద్దున మాత్ర వేసుకున్నానని కొడుకుతో అంది. ఆయన అట్ట తీయలేదు.