సేటుకు సైకిలు నేర్పిన డ్రైవరు

ఆ కాలంలో గద్వాలలో కారున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డ్రైవర్లమైన మేము మాత్రం ఆ కార్లన్నీ మా సొంతమే అన్నట్టు తిరిగేవాళ్లం. నేత కుటుంబాలకు నూలిచ్చి, నేసిన చీరలు తీసుకుని అమ్ముకునే ఒక సేటు దగ్గర నేను అంబాసిడర్ నడిపేవాణ్ణి. (నడవడం, నడవకపోవడం దాని ఇష్టం. బీచుపల్లి వంతెన మీద మొరాయించిందంటే అక్కడి గుళ్లో ఆంజనేయస్వామి దిగొచ్చినా కదిలేది కాదు.) నాకు కొత్తగా పెళ్లయింది. మెడలో రుమాలు, జేబులో దువ్వెన. కారు లేకుండా నన్ను నేను ఊహించుకోలేకపోయేవాణ్ణి.

తొంభైల మొదట్లో పెట్రోలు ధర పెరిగింది, పట్టు ధర పెరిగింది, నూలు మీద వచ్చే రాయితీ ఆగిపోయింది. ఒక సాయంత్రం సేటు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మగ్గాలన్న ఆపాలె, కారన్న ఆపాలెరా. మగ్గాలాపితే వాళ్లేం తింటరు?" అన్నాడు. మరి నేనేం తినాలో ఆయన లెక్కలో లేదు. కారు అమ్ముడుపోయి, దాని చోట్లోకి నల్ల సైకిలొకటి వచ్చింది. యాభై దాటిన సేటు జన్మలో సైకిలెక్కి ఎరగడు. "నాకొచ్చేదాంక ఉండు. వచ్చినంక నీ దారి నువ్వు సూసుకో" అన్నాడు. అంటే నా ఉద్యోగం ఊడే విద్యను నేనే దగ్గరుండి నేర్పాలన్నమాట. ఆయనకు అది రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

నలుగురూ చూస్తే పరువు పోతుందని పొద్దు పొడవకముందే మొదలుపెట్టేవాళ్లం. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని, అంటే పడుగును, నేతవాళ్లు ఆ వేళకే వీధి పొడవునా కర్రల మీద చాపి గంజి పట్టిస్తారు. పని అయ్యేదాకా ఏ బండైనా వీధి మొదట్లో ఆగాల్సిందే. కారులో ఉన్నప్పుడు సేటు బుద్ధిగా ఆగేవాడు. సైకిలు మీద ఆగడం ఆయనకింకా రాలేదు.

"సేటూ, బిరేకు! బిరేకు వట్టుండ్రి!" అని నేను అరుస్తూనే ఉన్నాను. సైకిలు నేరుగా పడుగులోకి దూరింది. పోగులు పటపట తెగాయి. సేటు గంజి కుండను కౌగిలించుకుని పడ్డాడు. పడుగు తాలూకు ముసలమ్మ నెత్తి కొట్టుకుంది.

"కారున్నప్పుడు ఆగుతుంటివి గద సేటూ! సైకిలెక్కినంక కండ్లు వోయినయా? గీ నూలు గిట్ల మల్ల యాడ దొరుకుతది?"

చుట్టుపక్కలవాళ్లంతా వచ్చి కూర్చుని తెగిన పోగులు అతకసాగారు. సేటు కూడా గంజి కారుతున్న పంచెతోనే కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంకా కొన్నాళ్లు నా ఉద్యోగానికి ఢోకా లేదని నాకు మాత్రం లోపల కొంచెం ధైర్యం వచ్చింది. ఇంతలో సేటు తల తిప్పి, "రేపు జర కోటదిక్కు పోదంరా, గాడ పడుగులుండవు" అన్నాడు.

నెల తిరక్కుండానే ఆయనకు సైకిలు వచ్చేసింది. నేను పట్నంలో ఆటో నడిపే పని వెతుక్కుందామని బయల్దేరాను. నా భార్య రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే గుమ్మం ముందు బెల్లు మోగింది. "ఎక్కురా, బస్టాండుకాడ దింపుత" అన్నాడు సేటు. వద్దంటే వినలేదు. రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక క్యారేజీ మీద కూర్చున్నాను. బర్రె అడ్డమొస్తే నా కుడికాలు గాలిలోనే బ్రేకు తొక్కింది. సేటు ఆయాసపడుతూ, "మంచిగ నేర్పితివిరా" అన్నాడు.

బస్టాండు ముందు సైకిలు ఆగింది. నేను దిగి, పెట్టె కింద పెట్టి, గబగబా పక్కకు వెళ్లి, ఏళ్ల అలవాటు కొద్దీ సేటు దిగడానికి తలుపు తియ్యబోయాను. అక్కడ తలుపు లేదు. సేటు నా చేతి వంక చూసి తల దించుకున్నాడు. ఇద్దరం నవ్వాలనే చూశాం, రాలేదు. గాలిలో తలుపు వెతుక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, అప్పుడు రాని ఆ నవ్వు ఇప్పుడొస్తుంది.