వరలక్ష్మి ఏమైందని అడిగేవాళ్ళు

మా ఆయన రాఘవయ్యగారు కరెంటాఫీసులో ఉన్నన్నాళ్ళూ కుదురుగానే ఉండేవారు. రిటైరయ్యాకే ఆయనకు ప్రపంచ యుద్ధం మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం. అందులోనూ బెర్లినూ లండనూ కాదు, మన విశాఖపట్నం. నలభై రెండు ఏప్రిల్‌లో జపానువాళ్ళ విమానాలొచ్చి బాంబులు వేసిపోతే ఊరు ఊరంతా బండ్లెక్కి పల్లెలకు పారిపోయింది. అప్పుడు పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ఎలా బతికారో నవల రాస్తానని కూర్చున్నారు. పంజాగుట్టలో మా ఫ్లాటు బాల్కనీ ఎదురుగా మెట్రో రైలు వెళ్తుంది. ఆయన కుర్చీ అక్కడే. రైలు వచ్చినప్పుడల్లా కలం ఆపి పైకి చూసేవారు. శత్రువు అనుకునేవారేమో, నేనడగలేదు.

రాసింది రాసినట్టు నాకు చదివి వినిపించడం ఆయన అలవాటు. అదీ నేను పోపు వేస్తున్నప్పుడే. ఆవాలు చిటపటలాడుతుంటే ఈయన గొంతు పెంచేవారు, అప్పుడు ఆవాలు కూడా పెంచేవి. ఏళ్ళ తరబడి అలా వినీ వినీ ఆ నవల నాకు కంఠస్థమైపోయింది. అందుకే అచ్చయ్యాక దాన్ని తెరిచి చూసే అవసరం నాకు కలగలేదు. మిగతావాళ్ళు ఎందుకు తెరవలేదో వాళ్ళకే తెలియాలి.

నవలలో పిల్లలు చాలామందే ఉన్నారు గానీ ప్రాణం మాత్రం వరలక్ష్మి. నోరూ చురుకే, కాలూ చురుకే. మొదటి అధ్యాయాల్లో ఆ పిల్ల లేని పేజీ లేదు. బాంబులు పడ్డ రోజు ఇంటిల్లిపాదీ బండెక్కుతారు. బండిలో ఇత్తడి గంగాళాలకు చోటు దొరికింది, నవారు మంచానికి చోటు దొరికింది. పెరట్లో కట్టేసిన గేదెను విప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఊరు దాటాక వరలక్ష్మికి గుర్తొచ్చింది. బండి దిగి వెనక్కి నడిచింది. తన ఈడువాడే, పక్కింటి బుల్లబ్బాయి తోడు వెళ్ళాడు. ఖాళీ ఊళ్ళో ఆ ఇద్దరూ, ఆ గేదె. పాలు పిండందే అది అడుగు తీసి అడుగు వెయ్యదు. నెత్తిన విమానం చప్పుడవుతుంటే ఈ పిల్ల నేల మీదకే పాలు పిండుతూ కూర్చుంటుంది. ఏడో అధ్యాయం అక్కడ ఆగుతుంది. ఆ తర్వాత ఆఖరి పేజీ దాకా వరలక్ష్మి పేరే రాదు.

"ఏమైందో చివర్లో రాసెయ్యచ్చుగా," అన్నాను ఒకసారి.

"రాయను," అన్నారు. "మా వాళ్ళు ఆమె పేరే ఎత్తలేదు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. చదివినవాళ్ళు అడగాలి నాగేశ్వరీ. అడిగితే చెప్తాను."

వరలక్ష్మి కల్పన కాదు. మా అత్తగారికి సొంత అక్క. ఆ రోజు బండిలో కూర్చున్న తొమ్మిదేళ్ళ చెల్లెలే మా అత్తగారు. ఆవిడ పోయే ముందు కొడుకును దగ్గరికి పిలిచి చెప్పారు. కొడుకు వెంటనే వచ్చి నాకు చెప్పారు. నేను నోరు తెరిచి అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు కాబట్టి నేను లెక్కలోకి రాను. ఆయనకు కావలసింది పైవాళ్ళు, పుస్తకం చదివినవాళ్ళు. ఒక్కరైనా చాలు.

పుస్తకాలు వేసేవాళ్ళ చుట్టూ తిరిగారు. యుద్ధాలకు గిరాకీ లేదు, జీవితంలో గెలవడం ఎలాగో ఉంటే పట్రండి అన్నారు వాళ్ళు. చివరికి అమీర్‌పేట సందులో సురేందర్ దగ్గర తేలారు. సురేందర్‌ది జిరాక్సు, బైండింగు షాపు. కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్ వేసిస్తాడు. ఆ షాపులో నిలబడితే జావా పాఠాలు ఒకపక్క, టెస్టింగ్ పాఠాలు ఒకపక్క, గోడల పొడుగునా కాగితం కట్టలే, మనిషికి ఊపిరాడదు.

"సార్, నవల్ సైజుల కోస్తే కాగితం మస్తు వేస్టయితది," అన్నాడు సురేందర్. "మెటీరియల్ సైజులనే కొడ్దం. అచ్చరాలు సుత పెద్దగ వస్తయ్. పెద్దమనుషులు తక్లీఫ్ లేకుంట చదువుకుంటరు."

పెద్దమనుషులు చదువుతారన్న మాట మా ఆయనకు నచ్చింది. అలా మా నవల కోచింగ్ సెంటర్ పుస్తకమంత వెడల్పుగా బయటికొచ్చింది. అట్ట మీద విమానం ఒక్కటే తేడా.

ఆవిష్కరణ పంజాగుట్టలోనే ఒక చిన్న హాల్లో పెట్టారు. ముందే పుస్తకం పంపిన నలుగురు వక్తలొచ్చారు. అధ్యక్షులు వంశీధర్‌గారు ఒక సాహితీ సమాఖ్యకు అది ఏర్పడినప్పటినుంచీ అధ్యక్షులే. "ఏకబిగిన చదివాను. ముఖ్యంగా నడిమి భాగం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు," అన్నారు. రెండో ఆయన యుద్ధం వద్దన్నారు. వద్దన్నందుకు అందరం చప్పట్లు కొట్టాం, అక్కడికేదో మేమంతా కావాలన్నట్టు. మూడో ఆయన తన పుస్తకం గురించి చెప్పారు. నాలుగో ఆయన సమయాభావం వల్ల మాట్లాడలేకపోతున్నానని చాలాసేపు మాట్లాడారు. శాలువాలు కప్పారు, ఫోటోలు దిగారు, సమోసాలు తిన్నారు.

మర్నాడు పొద్దున మా ఆయన శాలువా మడత పెట్టి, పుస్తకం తీసుకుని వంటింట్లోకొచ్చారు. అచ్చులో ఏడో అధ్యాయం ఎలా ఉందో వినమన్నారు. నేను ఆవాలు కూడా ఆపి నిలబడ్డాను. ఆయన పేజీ తెరిచి, ఎంతకీ చదవరే! వెళ్ళి చూద్దును కదా, ఆరో అధ్యాయంలో వరలక్ష్మి బండెక్కింది. పేజీ తిప్పితే "వాట్ ఈజ్ ఎ డిఫెక్ట్?" అని ఇంగ్లీషు. కింద లోపం ఎలా పుడుతుంది, ఎవరు కనిపెడతారు, ఎవరు సరిచేస్తారు అని బాణాలు గీసిన బొమ్మ. అలా కొన్ని పేజీలు సాగి, ఎనిమిదో అధ్యాయం. తెచ్చిన కట్టలన్నీ విప్పాం. అన్నిట్లోనూ అంతే.

నేను చెప్పులేసుకుని సురేందర్ మీదకు యుద్ధానికి వెళ్ళాను. ఈయన వెనకాల పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, తప్పయింది," అన్నాడు సురేందర్ తల పట్టుకుని. "రెండు కాగితాలు ఒక్క సైజు గదా, పక్కపక్కన పెట్టినం. మీ నడిమి కాగితాలు యాడికో పోయినయ్, టెస్టింగువి మీ దాంట్ల పడ్డయ్. ఫికర్ జేయకుండ్రి, నా పైసలతోని మళ్ల ఏసిస్త."

"వద్దు," అన్నారు మా ఆయన.

నేను సురేందర్‌ను వదిలి ఆయన వైపు తిరిగాను.

"ఎవరు గమనిస్తారో చూద్దాం," అన్నారు. "అంత చలాకీ పిల్ల ఉన్నట్టుండి మాయమైతే ఎవరో ఒకరు అడక్కపోరు. అడిగిన రోజున వేయిద్దాం."

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. ఫోను మోగితే చాలు, ఆయన నాకంటే ముందు అందుకునేవారు. ఫోన్లు బాగానే వచ్చాయి. అద్భుతం అన్నారు, కళ్ళు చెమర్చాయి అన్నారు, ఇంకో కాపీ ఉంటే మా వియ్యంకుడికి ఇస్తామన్నారు. "వరలక్ష్మి..." అని ఈయన అందించేవారు, పాపం. "ఆహా, వరలక్ష్మి! ఏం పాత్రండీ," అని వాళ్ళు పెట్టేసేవారు.

విమర్శకురాలు రాగసుధగారు ఒక పత్రికలో సమీక్ష రాశారు. నవల నడుమ ఉన్నట్టుండి ఇంగ్లీషు రావడం గొప్ప ప్రయోగమట. తెలుగువాళ్ళ బతుకుల మధ్యలోకి పరాయి పాలన ఎలా జొరబడిందో దానికి ప్రతీకట. లోపం పుట్టి, పెరిగి, సరయ్యే ఆ బాణాల బొమ్మలో రచయిత తాత్వికత దాగి ఉందట. అది చదివి వంశీధర్‌గారు ఫోన్ చేసి, ఆ ఇంగ్లీషు సంగతి తానే ముందు కనిపెట్టానని, ఆ రాత్రి నిద్ర పట్టనిది అందుకేనని చెప్పారు. వాళ్ళ సమాఖ్య తరఫున ప్రయోగాత్మక నవలా పురస్కారం కూడా ఇచ్చారు. మళ్ళీ శాలువా.

నేను మొదట్లో నవ్వాను, దాచడమెందుకు. తర్వాత నవ్వు రాలేదు. వరలక్ష్మి బండెక్కింది. బండి దిగినట్టు లేదు, ఊరు చేరినట్టు లేదు. ఆ బండిలో గంగాళాలు చేరాయి, మంచం చేరింది. అయినా పిల్లేదీ అని ఒక్క శాలువావాడూ అడగలేదు. ఇంట్లోవాళ్ళు ఎనభై ఏళ్ళ కిందట చేసిన పనే వీళ్ళూ చేశారు. కాకపోతే అది తెలియక చేసి సన్మానం పెట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం కలం పక్కన పెట్టేశారు. బాల్కనీలో కూర్చోవడం మానేశారు. పోపు పెట్టేవేళ వంటింట్లోకి రావడం మానేశారు. ఇల్లు ఎంత చప్పగా అయిపోయిందంటే, ఆవాల చప్పుడు నాకు విసుగనిపించింది.

అలా ఉండగా ఒక ఆదివారం పొద్దున బెల్లు కొట్టారు. తలుపు తీస్తే సురేందర్, వెనక ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ. చేతిలో కోచింగ్ సెంటర్ పుస్తకం.

"అమ్మా, సార్ ఉన్నడా? మీ కాగితాలు దొరికినయ్," అన్నాడు సురేందర్. "టెస్టింగు మెటీరియల్ల పడ్డయ్. పోరగాండ్లంత చదివేసిండ్రు."

మాటలు విని మా ఆయన లోపల్నుంచి వచ్చారు. ఆ అమ్మాయి పేరు యశస్విని. అబ్బాయి దుర్గేష్. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నారట. ఈ పిల్లల సంగతి తెలిసిందే కదా. ఉద్యోగం వచ్చేదాకా మెటీరియల్లో అట్ట మీది ఫోన్ నంబరుతో సహా వదలకుండా చదువుతారు. ఇంటర్వ్యూలో ఏది అడుగుతారో ఎవరికి తెలుసు? డిఫెక్టుల పాఠం ఉండాల్సిన చోట తెలుగు కనబడేసరికి వెళ్ళి పాఠం చెప్పే ఆయన్ను అడిగారట. ఆయన పుస్తకం తెరవకుండానే, అది కేస్ స్టడీ, రూములో చదివి లోపాలు కనిపెట్టి రాసుకురమ్మన్నారట. ఆయనకూ వంశీధర్‌గారికీ దగ్గరి చుట్టరికమేదో ఉండుంటుంది.

"మేమందరం రాసినం సార్," అంది యశస్విని. పుస్తకం తెరిచింది. ఏడో అధ్యాయం! వాక్యాల కింద గీతలు, పక్కన రంగు రంగుల గుర్తులు. "పిల్ల బర్రె కోసం పోతది, పాలు పిండుతది, విమానం వస్తది. ఆడికే అయిపోయింది. ఎన్కకొచ్చిందా లేదా రాసి లేదు. గదే పెద్ద డిఫెక్ట్ అని రాసినం. మాకు సాఫ్ట్‌వేర్‌ల దొరికిన లోపం ఓపెన్ అని రాస్తం సార్, సరిజేసినంక క్లోజ్ అంటం. పాఠం చెప్పే సార్‌ని అడిగితే సిలబస్‌ల లేదన్నడు. మా రూముల అందరిది ఇదే లొల్లి. ఎవ్వరికి నిద్ర పడ్తలేదు."

నిద్ర పట్టనివాళ్ళను అప్పుడు చూశాను నేను.

"అందుకని షాపుల అడిగి వచ్చినం," అన్నాడు దుర్గేష్.

"సార్," అంది యశస్విని, "వరలక్ష్మి ఏమైంది?"

మా ఆయన కళ్ళజోడు తీసేశారు. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు నోట్లో పెట్టుకుని తిరిగిన మనిషి, తీరా అడిగితే ఆ అద్దాలు తుడుస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. నేనే మొదలుపెట్టాను.

"బతికే బయటపడిందమ్మా. విమానం దాని దారిన అది పోయింది. బుల్లబ్బాయీ ఆ పిల్లా గేదెను తోలుకుంటూ రెండ్రోజులు నడిచి చోడవరంలో బంధువుల ఇంటికి చేరారు. ఇంటివాళ్ళంతా అక్కడే ఉన్నారు."

"మరింకేంది! మంచిగనే అయింది గదా," అన్నాడు దుర్గేష్.

అప్పుడు మా ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"గేదెను లోపలికి తోలుకున్నారు నాయనా. పిల్లను గడప దగ్గరే ఆపేశారు. ఖాళీ ఊళ్ళో మగపిల్లాడితో ఉండి వచ్చిందని. మా తాతగారే ఆపారు. బుల్లబ్బాయికి మాత్రం, ఆ ఊళ్ళోనే దిగిన వాళ్ళవాళ్ళు తలంటి పోసి అన్నం పెట్టారు. ఆమె కాసేపు నిలబడి, వీధి మలుపు దాకా వెళ్ళడం మా అమ్మ చూసింది. ఆ పూట గేదె పాలు అందరూ తాగారు. మా అమ్మ కూడా తాగింది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆకలి. పోయేదాకా మళ్ళీ పాలు ముట్టలేదు."

సురేందర్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మలుపు కాడికెల్లి యాడికి పోయింది?" అంది యశస్విని.

"తెలియదమ్మా. ఎవరూ వెతకలేదు."

యశస్విని పెన్ను తీసి మళ్ళీ ఆ పేజీ తెరిచింది. నేను తెచ్చిన టీ చల్లారిపోయింది. దుర్గేష్ నెమ్మదిగా, జవాబు దొరికింది కాబట్టి క్లోజ్ అని రాసేయమన్నాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి పుస్తకం మూసేసింది.

"లేదు. ఓపెన్ అనే ఉంచుత," అంది. "క్లోజ్ జేస్తే మళ్ల ఎవ్వరు అడుగరు."