ఖమ్రున్నీసమ్మ ఇంట్లో సేవాగంటలు

ఖమ్రున్నీసమ్మ ఇంట్లో అడుగుపెట్టి, ఏమీ తినకుండా బయటికి వచ్చిన మనిషిని నేను చూడలేదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన కుర్రాడు తిన్నాడు. గ్యాసుబండ మోసుకొచ్చినవాడు తిన్నాడు. ఓటర్ల లిస్టు సరిచూసే టీచరమ్మ కాగితాలు పక్కన పెట్టి మరీ తిన్నది. "కడుపు నిండుగా ఉందమ్మా" అని ఎవరైనా మొహమాటపడితే, "నీ కడుపు సంగతి నేనడిగినానా? కూచ్చో" అంటుంది. ఇక చచ్చినట్టు కూర్చోవలసిందే.

ప్రొద్దుటూరులో మా బడి వెనక సందులో ఆమె ఇల్లు. ముద్దనూరు పక్క పల్లెలో పుట్టింది, పెళ్లయి ఈ ఊరికి వచ్చింది. భర్త ఇస్మాయిల్ బట్టల అంగట్లో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టే పని చేసేవాడు. అతనిదీ అదే జబ్బు. మధ్యాహ్నం అన్నానికి వస్తూ హమాలీనో, లారీ డ్రైవరునో, బేరం కుదరక దిగులుగా కూర్చున్న పల్లెటూరి ఆసామినో వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎంతమంది వస్తారో తెలియక ఆమె ఎప్పుడూ పెద్ద గిన్నెలోనే వండేది. అతను పోయి కొన్నేళ్లయింది. గిన్నె మాత్రం చిన్నది కాలేదు. జమ్మలమడుగులో ఉన్న కూతురు సాజియా వచ్చి తమతో ఉండమని ఎన్నిసార్లు అడిగినా ఈమె కదలదు.

ఆమె బతుకుదెరువు బొంతలు కుట్టడం. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు దగ్గర దగ్గరగా కుట్లు వేస్తుంది. బజారులో ఎన్ని రగ్గులు దొరికినా, మా వైపు బాలింతలకు, చంటిపిల్లలకు ఇప్పటికీ ఆమె బొంతే కావాలి. చెయ్యి బాగానే ఆడుతుంది కానీ చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడం ఆమె వల్ల కాదు. అందుకని సాయంత్రం బడి వదిలే వేళకు సందు మొగలో నిలబడి, దొరికిన పిల్లను దొరికినట్టు ఆపేది. "బేటీ, ఈ సూదిలో దారం ఎక్కించి పో" అనేది. ఎక్కించిన పిల్ల ఏదో ఒకటి నములుతూ ఇంటికి పోయేది.

ఇప్పుడు నా గోడు చెప్పాలి. మా బడి పేరు సెయింట్ మోనికా హైస్కూలు, నడిపేది సిస్టర్లు. నేను తెలుగు మాస్టరును, పేరు నాగేంద్ర. సంధులూ సమాసాలూ చెప్పుకుని నా మానాన నేను బతుకుతుంటే, సేవాగంటల బాధ్యత తెచ్చి నా నెత్తిన పెట్టారు. పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షల లోపల ముప్పై గంటలు ఎవరికైనా సేవ చేయాలి. చేసినట్టు కార్డు మీద సంతకాలు ఉండాలి. ఆసుపత్రిలో చీటీలు రాసిపెట్టేవాళ్లు, చర్చి ఊడ్చేవాళ్లు, వృద్ధాశ్రమంలో పేపరు చదివి వినిపించేవాళ్లు, అందరినీ సర్దేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చేది. ఒకరోజు సందు మొగలో సూది పట్టుకున్న ఖమ్రున్నీసమ్మను చూసి, ఇదెందుకు సేవ కాదు అనుకున్నాను. అప్పటి నుంచి రోజుకు ఇద్దరు పిల్లలు ఆమె ఇంటికి పోయి, సూదులకు దారాలు ఎక్కించి, చీరల పొరలు కదలకుండా పట్టుకుని వస్తున్నారు. అందరికీ ఆ ఇల్లే కావాలని నా దగ్గర గొడవ పడుతుంటే, మా పిల్లలకు ఎంత సేవాభావమో అని మురిసిపోయాను.

ఆ మురిపెం ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం ప్రార్థన దగ్గర వదిలింది. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ప్రియదర్శిని మా హాసినిని పిలిచి, సేవలో నీ అనుభవం చెప్పమన్నది. హాసిని ఆటో నడిపే మహేష్ కూతురు. దాపరికం ఎరగని పిల్ల. మైకు పట్టుకుని, "అవ్వ దగ్గర సేవ శానా బాగుంటాది. బొరుగులతో ఉగ్గాణి చేసి పెడ్తాది. మిరపకాయ బజ్జీలు గూడా. పోయిన వారం ఓళిగలు చేసినాది, నేను మూడు తిన్న్యా" అని బడి మొత్తానికి చెప్పింది. వెనక వరసలో ఉన్న మిగతా సేవకులు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను, ఆ ఓళిగల్లో ఒకటి నాకూ చేరింది కాబట్టి.

సిస్టర్‌ది గుంటూరు వైపు. మనిషి మెత్తన, నియమం గట్టి. నన్ను ఆఫీసుకు పిలిచింది.

"మాస్టారూ, సేవకు ప్రతిఫలం తీసుకోకూడదని కదండీ మనం చెబుతున్నాం. తిని వస్తే అది కూలి అవుతుంది, సేవ ఎలా అవుతుంది? ఆ ఇంట్లో చేసిన గంటలు లెక్కలోకి రావు" అన్నది.

మిగతా పిల్లలు తలో రెండు గంటలు పోగొట్టుకుని, వేరేచోట పూర్తి చేసుకున్నారు. హాసిని గంటలన్నీ ఆ ఇంట్లోవే. ఆ పిల్లకు అవి ఊరికే గంటలు కావు. పులివెందులలో మా సిస్టర్లదే జూనియర్ కాలేజీ ఉంది. సేవాగంటలు పూర్తి చేసి బాగా చదివే ఒక అమ్మాయికి అక్కడ హాస్టలుతో సహా ఫీజు లేకుండా సీటిస్తారు. చదువులో హాసినికి ఎదురులేదు. ఆ సీటు వస్తేనే ఇంటరు, లేకపోతే లేదని మహేష్ ముందే చెప్పేశాడు. పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి. ఆసుపత్రిలోనూ, ఆశ్రమంలోనూ ఖాళీ లేదు.

"మళ్లీ అవ్వ ఇంటికే పో. అన్ని గంటలూ మొదటి నుంచి చెయ్యి. కానీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోవద్దు" అని చెప్పాను.

"పెట్టకుండా ఇడ్సదు సార్ అవ్వ. నా గంటలు పోయినాయని చెప్తే ఏడుస్తాది" అన్నది హాసిని.

"చెప్పొద్దు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకో."

ఆ పిల్ల తప్పించుకునే దారి కనిపెట్టింది. మొదటి రోజు "ఈ పొద్దు సోమవారం అవ్వా, శివునికి ఒక్కపొద్దు ఉండా" అన్నది. దేవుడి పేరు చెబితే ఖమ్రున్నీసమ్మ ఎదురు మాట్లాడదు. పళ్లెం తీసి లోపల పెట్టేసింది. మంగళవారం ఆంజనేయుడు ఆదుకున్నాడు. బుధవారానికి దేవుడు దొరక్క నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వినాయకుడి పేరు చెప్పి పంపించాను. గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. "ఇంత భక్తి యాడ పుట్టుకొచ్చె నీకు?" అని అవ్వ అడిగిందట. పరీక్షలు కదా అవ్వా అన్నదట ఈ పిల్ల. ఇలా బండి నడుస్తూ ఉండగా రంజాన్ నెల మొదలైంది.

నాలుగు రోజులకు హాసిని స్టాఫ్‌రూము గుమ్మంలో మొహం వేలాడేసుకుని నిలబడింది.

"నిన్న తిన్న్యా సార్" అన్నది.

"ఎందుకు తిన్నావే? ఒక్కపొద్దని చెప్పలేదా?"

"చెప్తి సార్. దాంతోనే వచ్చింది తంటా. నువ్వు ఒక్కపొద్దు, నేను రోజా, ఇద్దరికీ పొద్దు గూకినాకే గదా కూడు, కలిసి ఇడుద్దాం కూచ్చో అనె. ఉపాసం ఇడిసే మనిషి ముందర లేసిపోతే బాగుంటాదా సార్?" గుమ్మం చెక్క గోటితో గీకుతూ, "మొన్న గూడా తిన్న్యా. చెప్పల్యా" అన్నది.

నిజమే. పగలంతా ఉండి సాయంత్రం తినేదే ఒక్కపొద్దు. రోజా ఉన్నదాని ఇంటికి సాయంత్రం పూట పోయి ఒక్కపొద్దని చెప్పడమంటే, ఆకు వేయమని అడిగినట్టే. నాకు ఒళ్లు మండింది. ఈ పిల్ల నిజాయితీ మీద, నియమం మీద, ఆ ఉగ్గాణి మీద, అన్నిటి మీదా కలిపి మండింది. కార్డులు ఇవ్వడానికి గడువు శనివారం. నేరుగా సిస్టర్ దగ్గరికి పోయాను.

"సిస్టర్, హాసిని మళ్లీ తిన్నది. రేపు మీరే ఆ ఇంటికి రండి. ఒక గంట కూర్చుని, ఏమీ తినకుండా బయటికి రండి. వచ్చారంటే ఆ పిల్ల కొత్త గంటలు కూడా కొట్టేయండి, నేను నోరెత్తను" అన్నాను.

సిస్టర్ నవ్వింది. "దానికేముందండీ. మర్యాదగా వద్దంటే ఎవరైనా వింటారు. ఎలా చెప్పాలో మీకు చూపిస్తాను, రండి" అన్నది.

శుక్రవారం సాయంత్రం మేం పోయేసరికి ఖమ్రున్నీసమ్మ బొంత మీద కూర్చుని కుడుతోంది. హాసిని పక్కన దారాలు ఎక్కించి సూదులు వరసగా గుచ్చిపెడుతోంది. సిస్టర్‌ను చూసి పిల్ల చేతిలో సూది జారిపోయింది. అవ్వ మాత్రం ఎప్పటి నుంచో తెలిసిన మనిషిని చూసినట్టు, "రామ్మా, ఆ చాప మింద కూచ్చో. నాగేంద్ర సారూ, నువ్వేంది నిలబడుకున్యావు?" అన్నది.

సిస్టర్ కూర్చుంది. బొంత అంచు చేత్తో తడిమి, కుట్టు బాగుందని మెచ్చుకుంది. చాలాసేపు మాటలు నడిచాయి. వంటింట్లోంచి వాసన మొదలయ్యేసరికి సిస్టర్ ముందుజాగ్రత్తగా గొంతు సవరించుకుంది.

"అమ్మా, నా కోసం ఏమీ పెట్టుకోవద్దండీ. మాకు ఇప్పుడు ఈస్టరుకు ముందు తపస్సు కాలం. ఈ శుక్రవారాలు నేను ఉపవాసం ఉంటాను" అన్నది.

హాసిని నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

ఖమ్రున్నీసమ్మ సూది పక్కన పెట్టింది. ఆమె మొహం చూడాలి అప్పుడు. "అట్లనా తల్లీ? ఎప్పుడిడుస్తావు?" అన్నది.

"సాయంత్రం చీకటి పడ్డాకండీ" అన్నది సిస్టర్, ఏ గోతిలో కాలు పెడుతోందో తెలియక.

"మాదీ అంతే గదా. ఇంగ శానాసేపు లేదులే. నువ్వు, నేను, ఈ పిల్ల. ముగ్గురం కలిసి ఇడుద్దాం. ఈ సారు ఒక్కడే ఏ ఉపాసమూ లేనోడు, ఆయప్ప గూడా తింటాడు" అంటూ లేచి లోపలికి పోయింది. ఉపవాసం వల్ల తినను అన్న మనిషి, ఉపవాసం విడిచే వేళ ఏమని వద్దంటుంది? గుంటూరు మర్యాద మడిచి పక్కన పెట్టి, సిస్టర్ చాప మీద సర్దుకు కూర్చుంది.

మసీదు మైకులో అజాన్ వినిపించింది. ఖమ్రున్నీసమ్మ దోసిలి పట్టి దువా చేసుకుంది. సిస్టర్ సిలువ గుర్తు వేసుకుంది. హాసిని ఏ దేవుడికో గబగబా దండం పెట్టుకుంది. ముగ్గురి చేతుల్లోనూ తలో ఖర్జూరం. తర్వాత గంజి వచ్చింది, రంజాన్‌లో కైమా వేసి కాచేది. "హాసిని తినదని నీసు లేకుండా వేరేగా కాంచినా. ఈ శుక్రవారాలు మీ సిస్టర్లు గూడా ముట్టరంట గదా, ఇది పోసుకో" అని సిస్టర్ గిన్నె నింపింది. దాని వెనకే ఉగ్గాణి, బజ్జీలు. సిస్టర్ బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఇంకొకటి తీసుకుంది.

తిన్నాక సిస్టర్ నెమ్మదిగా అడిగింది. "పిల్లలకు రోజూ ఎందుకమ్మా ఇంత శ్రమ పడతారు? సేవకు వచ్చినవాళ్లు ఏమీ తీసుకోకూడదని మా నియమం. ఇక్కడ తిన్నదని హాసిని గంటలు నేను లెక్కలోంచి తీసేశాను."

ఖమ్రున్నీసమ్మ మొహం మారిపోయింది. హాసిని వైపు తిరిగింది. "అందుకేనా ఆ ఒక్కపొద్దులన్నీ? నేను పెట్టిన కూడు నీ సదువుకు అడ్డమొస్తాంటే నాకొక మాట చెప్పకపోతివే" అన్నది. పిల్ల తల దించుకుంది. అవ్వ కళ్లు కొంగుతో తుడుచుకుని సిస్టర్‌తో మాట్లాడింది. నేను ఆమె గొంతు అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, సూదుల్లో దారం ఎవురైనా ఎక్కిస్తారు. దారిలో పోయేటోల్లను పిలిచినా ఎక్కిస్తారు. ఆయన పోయినాక ఒక్కదాన్నే కూచ్చొని తినాలంటే నాకు గొంతు దిగల్యా. ముద్ద కలిపి అట్లనే పెట్టేస్తాంటి. రంజాన్ రోజాలు గూడా ఉత్త నీళ్లతో ఇడిసినా. ఈ పిల్లోల్లు వచ్చి నా ఎదురుగా కూచ్చొని తింటాంటే నేనూ తింటాండా. నాకు వీళ్లు చేసే పని అదే తల్లీ. అది లెక్కకు రాదంటే ఇంగేం చెప్పేది?"

సిస్టర్ చెయ్యి కడుక్కుని వచ్చి, హాసిని కార్డు అడిగి తీసుకుంది. కొట్టేసిన గంటలన్నీ మళ్లీ రాసింది. ఈ రోజుది రాయబోతూ, "ఎన్నింటికి వచ్చావమ్మా?" అన్నది.

"బడి ఇడ్సినాక వచ్చినా సిస్టర్. పొద్దు గూకినప్పుడు పని ఆపినా" అన్నది పిల్ల, తిన్న సేపు తనే తీసేసుకుని.

సిస్టర్ గోడ మీది గడియారం చూసి, మేం చేతులు కడుక్కున్న సమయం దాకా కలిపి వేసి సంతకం పెట్టింది. ముప్పై దాటాయి. హాసిని కార్డును రెండు చేతులతో పట్టుకుని ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

ఖమ్రున్నీసమ్మ గిన్నెలు ఎత్తుతూ నా వైపు తిరిగింది. "సారూ, ఈ సిస్టరమ్మ గూడా నా ముందర కూచ్చొని తిన్నాది గదా. ఆయమ్మకు గూడా ఒక గంట రాయి" అన్నది.