యాంగోన్‌లో ఒంటిగంట భోజనం

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా నా సర్వీసంతా ఊళ్లు తిరగడమే. ఏ ఊళ్లో ఉన్నా మధ్యాహ్నం ఒంటిగంటకి మా ఆవిడ ఫోన్ చేసేది. "తిన్నారా?" అంతే, ఇంకో మాట ఉండేది కాదు. తిన్నా తినకపోయినా "ఆఁ, అయింది" అనేవాణ్ని. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఒంటిగంట అయితే చాలు, ఫోన్ వైపు చూస్తాను, ఉన్న ఆకలి కాస్తా చచ్చిపోతుంది. ఇలా అయితే లాభం లేదని, ఎవరూ తెలియని ఊళ్లో ఒక్క రోజు తిరిగి, వేళకి ఇంత తిని రాగలనో లేదో చూసుకుందామని బయల్దేరాను. యాంగోనే ఎందుకంటే, విశాఖలో పుట్టినవాణ్ని, చిన్నప్పటి నుంచీ రంగూన్ అన్న దాని పాత పేరు వింటూ పెరిగాను.

కోల్‌కతా నుంచి విమానంలో రెండు గంటల ప్రయాణం. ఈ-వీసా ముందే తీసుకోవాలి. డాలర్ నోట్లు మడత పడకుండా పట్టుకెళ్లండి, నలిగిన నోటు ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. ప్లాన్ అంటూ ఏమీ పెట్టుకోలేదు. పొద్దున్న ఎనిమిదింటికి టాక్సీ ఆపి, మీటరు ఉండదు గనక బేరం ముందే తెగ్గొట్టి, బోటాటౌంగ్ రేవు అన్నాను. డ్రైవర్ నా వయసువాడే. అద్దంలో చూస్తూ "సాపీబీలా?" అని, చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఏదో హోటల్‌కి తీసుకెళ్లి కమీషన్ కొట్టేద్దామనుకుంటున్నాడు! ఇన్ని ఊళ్లు తిరిగినవాణ్ని, నా దగ్గరా ఈ వేషాలు? "నో, నో! రేవు!" అని కసిరాను. పాపం, చెయ్యి దించేసి స్టీరింగ్ పట్టుకున్నాడు.

రేవులో బస్తాలు దింపుతున్నారు. చూస్తూ నిలబడ్డాను. ఒడ్డున టీ కొట్లో కూర్చుంటే పాల టీ తెచ్చి, పక్కన గ్రీన్ టీ ఫ్లాస్కు, బోర్లించిన కప్పులు ఊరికే పెట్టారు. చుట్టూ ప్రతి బల్ల దగ్గరా నలుగురేసి కబుర్లు. నా బల్ల మీద అన్ని కప్పులున్నాయి, మనిషిని నేనొక్కణ్నే. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. లేచి పడమటి వైపు నడిచాను. కరెంటు పోయిందేమో, పేవ్‌మెంట్ నిండా జనరేటర్ల మోత. అలా నడుస్తూ నడుస్తూ పబేడాన్ బజారు చేరేసరికి ఒంటిగంట. అలవాటుగా ఫోన్ తీశాను, పెట్టేశాను. ఇక గదికి పోదామనుకుంటున్నాను.

"ఏటే, ఆ కుంకం పొట్లం ఇలగియ్యి!"

తెలుగు! పూజా సామాన్ల కొట్టు. ఒక పెద్దావిడ, పక్కన ఆవిడ కూతురు. మాది విశాఖ అని నేను పలకరించగానే పెద్దావిడ మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మ! విశాపట్నమా? మా తాత అక్కడే ఓడెక్కినాడంట. ఈ ఊర్లో అహ్లోన్ పేట బియ్యం మిల్లులో బస్తాలు మోసినాడు. తిన్నారేటి బాబూ?"

"ఆఁ, అయింది" అనబోయి "లేదమ్మా" అనేశాను.

కూతురు కిసుక్కున నవ్వి, బర్మాలో ఏదో అంది. "నవ్వకే, నిజింగానే తిన్లేదు," అని పెద్దావిడ కోప్పడి, నాతో చెప్పింది: "ఇక్కడ అందరూ అందర్నీ అడుగుతారు బాబూ, సాపీబీలా అని. తిన్నావా అని పలకరింపు మాట. సాపీబీ, అయిపోనాది, అనీసి ఎలిపోతారు. లేదనీవోలు ఉండరు."

పొద్దున్న డ్రైవర్ గుర్తొచ్చి నాకు తల కొట్టేసినట్టయింది. నేను వద్దంటున్నా ఆవిడ తన క్యారేజీ విప్పేసింది. అన్నం, వెదురు కొమ్ములు వేసి వేయించిన గోంగూర, ఎండుచేపల పులుసు.

"ఒక్కలే వచ్చినారేటి?"

"ఒక్కణ్నేనమ్మా. మా ఆవిడ పోయింది."

ఆవిడ గోంగూర మరికాస్త వడ్డించింది. తల వంచుకుని కడుపునిండా తిన్నాను. ఏడాదిలో ఆ వేళకి అన్నం సహించింది ఆ రోజే.

సాయంత్రం హోటల్‌కి టాక్సీ ఎక్కి, కొత్త డ్రైవర్ని నేనే ముందు అడిగాను, "సాపీబీలా?" అని. అతను పకపకా నవ్వి "సాపీబీ, సాపీబీ" అన్నాడు. గదిలోకి వెళ్తే మళ్లీ నేనూ, ఆ మోగని ఫోనూ. ఊరు మారితే ఒంటరితనం పోతుందని మీకు అబద్ధం చెప్పను. కానీ రాత్రి కిందకి దిగి, ఎవరూ పిలవకుండానే ఒక గిన్నెడు నూడుల్స్ తిన్నాను.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. యాంగోన్‌లో ఎవరైనా "సాపీబీలా?" అంటే నాలాగా కసరకండి, నవ్వి "సాపీబీ" అంటే సరిపోతుంది. నిజంగా తినకపోతే మాత్రం, నా మాట వినండి, "ఆఁ, అయింది" అనకండి.